చిక్కుడు పాదు – చీమల బారు

చంద్రపూర్ పట్టణాన్ని ఆనుకొని ఊర్జానగర్ ఉన్నది. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో ప్రారంభమైంది. ఉద్యోగుల కోసం ఏర్పడిన ఆ కాలనీలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇంటి వెనుక నాలుగడుగుల చోటు దొరికితే చాలు, మనవారు ఒక చిక్కుడు గింజ నాటుతారు!

ఒక శీతకాలంలో అటువంటి పెరట్లో చిక్కుడు పాదు పూతకు వచ్చింది. పూత కాడల వెంట చీమలు బారులు తీరాయి.

"అవ్వా! చీమలు పూతంతా తినేస్తున్నాయి. మందు చల్లనా?" అని మనవరాలు అడిగింది.

"ఆగు బిడ్డా! ముందు ఆకు తిప్పి చూడు" అన్నది అవ్వ.

ఆకు అడుగున, లేత కొమ్మల మీద నువ్వుగింజ కంటె చిన్నవైన నల్లని పురుగులు గుంపులుగా అంటుకొని ఉన్నాయి. వాటినే పేనుబంక అంటారు. మొక్క రసాన్ని పీల్చేవి అవే. పీల్చిన రసంలో మిగిలిన తీపిని అవి జిగురు బొట్లుగా విసర్జిస్తాయి. చీమలు వచ్చేది ఆ తీపి కోసమే. పశువులను కాచినట్లు అవి పేనుబంకను కాస్తాయి. దానిని తినవచ్చే అక్షింతల పురుగులను తరిమివేస్తాయి. ఆ కావలి ఉన్నంతకాలం పేనుబంక పెరుగుతూనే ఉంటుంది.

అవ్వ చెప్పినట్లు మనవరాలు నీళ్ళు గట్టిగా చిమ్మి పురుగులను రాల్చింది. మిగిలినవాటి మీద, ఎండ తగ్గిన తరువాత, కుంకుడుకాయ రసం కలిపిన నీళ్ళు చల్లింది. పందిరి గుంజలకు ఆముదంలో తడిపిన గుడ్డ చుట్టింది. పాదు మొదట్లో కట్టెల బూడిదను వలయంగా పోసింది. బూడిద తడిస్తే మళ్ళీ పోయాలి. ఊర్జానగర్‌లో బూడిదకు కొదువేమిటి అనుకోకండి! బొగ్గు బూడిదలో సీసం, ఆర్సెనిక్ వంటి హానికర పదార్థాలు కొద్దిగా ఉంటాయి. కూరమడిలో దానిని వేయకపోవడమే మంచిది.

పూర్వం చీమలకు ఇళ్ళలో బి.హెచ్.సి. పొడి చల్లేవారు. అది నేలలో ఏండ్ల తరబడి నిలిచి, ఆహారంతో పాటు మన ఒంట్లో చేరుతుంది. మన దేశంలో దానిని 1997లో నిషేధించారు.

అన్ని చీమలూ తోటకు శత్రువులు కావు. నారింజ చెట్ల పురుగులను తినడానికి చీమల గూళ్ళను సంచులలో పెట్టి అమ్మేవారని క్రీ.శ. 4వ శతాబ్దం నాటిదిగా చెప్పే ఒక చైనా గ్రంథంలో ఉన్నది. ఆకులను కలిపి గూడు కట్టే ఆ ఎర్రచీమలు మన మామిడి చెట్ల మీద కూడా కనిపిస్తాయి.

మూడు రోజులకు చీమల బారు పలుచబడింది. నాలుగవ రోజున ఆకు మీద ఎర్రని అక్షింతల పురుగు ఒకటి వాలింది. మనవరాలు పట్టుకోబోయింది.

"దాని జోలికి పోకు బిడ్డా, దాన్ని తిననియ్యి" అన్నది అవ్వ.