పాఠం 11: ఆంగ్ల వాక్యంలో క్రియావిశేషణం చోటు

11.1 పరిచయం

వెనుకటి పాఠంలో మీరు ఆంగ్ల క్రియల గురించి తెలుసుకున్నారు. పని ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది అని తెలిపే మాటలు క్రియావిశేషణాలు. అవి ఆంగ్ల వాక్యంలో క్రియతో ఎలా కలుస్తాయో ఈ పాఠంలో చూద్దాం. ఆంగ్ల వాక్యాలను కావాలనే తెలుగు లిపిలో ఇచ్చాం. ముందు వాటిని పైకి చదవండి. మాటల వరుస చెవికి పట్టుబడిన తర్వాత నోటు పుస్తకంలో ఆంగ్ల అక్షరాలతో రాసుకోండి.

ఒక సందర్భం ఊహించుకోండి. యానాం నుంచి ఒక యువకుడు ఉద్యోగం కోసం పుదుచ్చేరి పట్టణానికి వచ్చాడు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదే. కాని అది వందల కిలోమీటర్ల దూరాన, గోదావరి ఒడ్డున ఉంది. అక్కడ ఇంటా బయటా తెలుగే. ఇక్కడేమో వీధిలో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. ఒక హోటల్లో పనికి దరఖాస్తు రాసి, చివర ఈ వాక్యం చేర్చాడు: “ఐ విల్ వర్క్ హార్డ్‌లీ.”

“కష్టపడి పని చేస్తాను” అన్నది అతని ఉద్దేశం. కాని “హార్డ్‌లీ” అంటే “దాదాపు లేదు” అని అర్థం. “ఐ విల్ హార్డ్‌లీ వర్క్” అంటే “నేను పని చేసేది అంతంత మాత్రమే” అని. దరఖాస్తు చదివే మేనేజరుకు ముందు తోచేది ఆ అర్థమే. అతను రాయవలసింది “ఐ విల్ వర్క్ హార్డ్.”

పొరపాటు ఎక్కడ వచ్చింది? తెలుగులో “నెమ్మది”కి “గా” చేర్చి “నెమ్మదిగా” అంటాం. ఆంగ్లంలో “స్లో”కు “లీ” చేర్చితే “స్లోలీ” అవుతుంది. “కేర్‌ఫుల్” నుంచి “కేర్‌ఫుల్లీ”, “నీట్” నుంచి “నీట్‌లీ” కూడా ఇలాగే వచ్చాయి. ఈ పద్ధతి చాలా మాటలకు సరిపోతుంది కనుకే మనం దాన్ని అన్నింటికీ వాడేస్తాం. “హార్డ్”, “ఫాస్ట్”, “లేట్” అనేవి ఏ మార్పూ లేకుండానే క్రియావిశేషణాలవుతాయి. “హి కేమ్ లేట్” అంటే ఆలస్యంగా వచ్చాడని. “లేట్‌లీ” అంటే “ఈ మధ్య” అని. “గుడ్”కు బదులు “వెల్” వస్తుంది. ఈ నాలుగింటినీ కంఠస్థం చేయడం తప్ప వేరే దారి లేదు.

11.2 క్రియను, కర్మను విడదీయకండి

“ఆమె ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది.” ఈ తెలుగు వాక్యంలో “బాగా” క్రియను ఆనుకుని ఉంది. మనకు అదే అలవాటు. అందుకే ఆంగ్లంలో కూడా క్రియ పక్కనే పెట్టి “షి స్పీక్స్ వెల్ ఇంగ్లిష్” అంటాం. ఇది తప్పు. ఆంగ్లంలో క్రియ తర్వాత వెంటనే కర్మ రావాలి. రీతిని తెలిపే మాట ఆ తర్వాతే వస్తుంది: “షి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్.”

“అతను తలుపు నెమ్మదిగా తీశాడు” అన్నదాన్ని “హి ఓపెన్డ్ ద డోర్ స్లోలీ” అనాలి. “హి స్లోలీ ఓపెన్డ్ ద డోర్” అన్నా సరే. “హి ఓపెన్డ్ స్లోలీ ద డోర్” అని మాత్రం అనకూడదు.

పుదుచ్చేరిలో ఈ తప్పు చేసేది మనం ఒక్కరమే కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలన నడిచిన పట్టణమిది. 1826లో మొదలైన ఫ్రెంచి పాఠశాల ఇక్కడ నేటికీ ఉంది. ఫ్రెంచిలో “బాగా” అనే మాట క్రియకూ కర్మకూ మధ్యనే వస్తుంది. అందుచేత ఫ్రెంచి మాట్లాడేవారు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు “ఐ స్పీక్ వెల్ ఇంగ్లిష్” అనే పొరపాటు చేస్తుంటారు. వారు వచ్చిన దారి వేరు, మనం వచ్చిన దారి వేరు. కనుక ఈ తప్పు దొర్లిందని సిగ్గుపడి మాట్లాడటం మానుకోకండి.

ఒకే వాక్యంలో రీతి, చోటు, వేళ మూడూ వస్తే ఏం చేయాలి? బీచ్ రోడ్డులో సాయంత్రం పూట వాహనాలను ఆపేస్తారు. ఆ దృశ్యాన్ని రెండు భాషల్లో చెప్పి చూడండి.

“సాయంత్రం బీచ్ రోడ్డు మీద జనం నెమ్మదిగా నడుస్తారు.”
“పీపుల్ వాక్ స్లోలీ ఆన్ ద బీచ్ రోడ్ ఇన్ ద ఈవెనింగ్.”

తెలుగులో వేళ, చోటు, రీతి, క్రియ. ఆంగ్లంలో క్రియ, రీతి, చోటు, వేళ. అద్దంలో చూసినట్టు వరుస తిరగబడింది.

11.3 “ఎప్పుడూ” అనే మాటతో చిక్కు

“అతను ఎప్పుడూ వస్తాడు”, “అతను ఎప్పుడూ రాడు.” తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఔనా కాదా అన్నది క్రియ చెబుతుంది. ఆంగ్లంలో రెండు మాటలున్నాయి: “ఆల్వేస్”, “నెవర్”. “నెవర్”లోనే “లేదు” అన్న భావం ఉంది కాబట్టి దానితో “నాట్” చేర్చకూడదు. “నేను ఎప్పుడూ ఆలస్యంగా రాను” అనడానికి “ఐ నెవర్ కమ్ లేట్” చాలు. ఇంటర్వ్యూలో తడబడి “ఐ ఆల్వేస్ కమ్ లేట్” అన్నారంటే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవలసిందే.

ఈ మాటలు ప్రధాన క్రియకు ముందు వస్తాయి. “ఈజ్”, “ఆర్”, “వాజ్” లాంటివే ప్రధాన క్రియలైతే వాటి తర్వాత వస్తాయి: “ద బస్ ఈజ్ ఆల్వేస్ లేట్.”

11.4 “ఓన్లీ” ఎక్కడ పెట్టాలి?

“రేపే వస్తాను” అనే మాటను మనం “ఐ విల్ కమ్ టుమారో ఓన్లీ” అంటాం. మన “ఏ” మాట చివర చేరుతుంది కాబట్టి “ఓన్లీ”ని కూడా చివరే తగిలిస్తాం. మన దేశంలో ఇది అందరికీ అర్థమవుతుంది. రాతలో మాత్రం “ఓన్లీ”ని ఏ మాటకు వర్తింపజేయాలో దాని ముందు పెట్టడం మంచిది. మందుల చీటీ విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

“టేక్ ఓన్లీ వన్ టాబ్లెట్ ఎట్ నైట్.” (రాత్రి ఒక్క మాత్రే వేసుకోండి.)
“టేక్ వన్ టాబ్లెట్, ఓన్లీ ఎట్ నైట్.” (ఒక మాత్ర, అదీ రాత్రి పూటే వేసుకోండి.)

మొదటిది రెండో మాత్ర వద్దంటుంది. రెండోది పగలు వద్దంటుంది. ఇంట్లో పెద్దవారికి చీటీ చదివి చెప్పేది మీరే అయితే “ఓన్లీ” తర్వాత ఏ మాట ఉందో వేలు పెట్టి చూడండి. అనుమానం తీరకపోతే దుకాణంలో మళ్లీ అడగండి.

11.5 చిన్న మాటలు

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. “స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్” అంటాం కదా, మరి “ఆఫ్” క్రియకూ కర్మకూ మధ్యే ఉంది! నిజమే. “ఆఫ్”, “అప్”, “డౌన్” లాంటి చిన్న మాటలు క్రియతో జతకట్టి ఒకే క్రియలా పనిచేస్తాయి. వీటికి 11.2లోని నియమం వర్తించదు. “స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్” అన్నా తప్పు లేదు. కాని కర్మ స్థానంలో “ఇట్” వస్తే అది మధ్యలోనే ఉండాలి: “స్విచ్ ఇట్ ఆఫ్.”

పాఠ్యాంతర్గత ప్రశ్నలు

జవాబులు చూడకుండా ముందు మీరే రాయండి.

1. సరిచేయండి: “షి క్లీన్డ్ నీట్‌లీ ద రూమ్.”
2. ఆంగ్లంలో చెప్పండి: “నేను ఉదయం ఎప్పుడూ కాఫీ తాగను.”
3. “హి స్టడీడ్ హార్డ్”, “హి హార్డ్‌లీ స్టడీడ్.” పరీక్ష ఫలితం కోసం భయపడవలసింది ఎవరు?
4. సరిచేయండి: “పిక్ అప్ ఇట్.”

జవాబులు

1. “షి క్లీన్డ్ ద రూమ్ నీట్‌లీ.”
2. “ఐ నెవర్ డ్రింక్ కాఫీ ఇన్ ద మార్నింగ్.”
3. రెండోవాడు. అతను చదివింది దాదాపు ఏమీ లేదు.
4. “పిక్ ఇట్ అప్.” ఇది తప్పితే 11.5 మళ్లీ చదవండి.