లైబ్రరీకి పేరు పెట్టి పిలుచుట

మేము తెలుగు వ్యాకరణము బోధించువారము. అయినను కంప్యూటరు లైబ్రరీలను గూర్చి వ్రాయుటకు కారణము కలదు. ఒక విద్యార్థి ఇంట లినక్సుపై సరిచూచుకొన్న పైథాన్ ప్రోగ్రాము, ప్రయోగ పరీక్షనాడు విండోస్ యంత్రముపై ఆదిలోనే ఆగిపోయినది. అతని లెక్క తప్పు కాదు. అతడు పిలిచిన పేరుగల లైబ్రరీ అచట లేదు.

సి వంటి భాషలో వ్రాసి, యంత్రభాషలోనికి మార్చి, పలు ప్రోగ్రాములు వాడుకొనుటకు ఉంచిన ఫంక్షన్ల సముదాయమే షేర్డ్ లైబ్రరీ. పైథాన్ దానితో మాటలాడుటకు దుబాసీ కావలెను. 2006లో వెలువడిన పైథాన్ 2.5 నుండి ‘సిటైప్స్’ అను మాడ్యూలు ఆ పని చేయుచున్నది.

లినక్సులో గణిత లైబ్రరీ పేరు సాధారణముగా ‘లిబ్‌ఎం.ఎస్ఓ.6’. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న ‘ఎం’ ప్రాతిపదిక, ‘లిబ్’ ఉపసర్గ, ‘ఎస్ఓ’ ప్రత్యయము. మాక్‌లో ప్రత్యయము ‘డైలిబ్’. విండోస్‌లో ‘డిఎల్ఎల్’; అచట ఉపసర్గ నియమము లేదు, గణిత ఫంక్షన్లు ‘ఎంఎస్‌విసిఆర్‌టి.డిఎల్ఎల్’లో లభించును.

చివరి 6 అలంకారము కాదు. పాత ప్రోగ్రాములు నమ్ముకొన్న ఒప్పందము చెడునట్లు లైబ్రరీ మారినపుడు ఆ సంఖ్యను మార్చుట సంప్రదాయము. సంఖ్య లేని పేరు ప్రోగ్రామును నిర్మించు వేళకు ఉద్దేశించినది. లినక్సులో ‘లిబ్‌సి.ఎస్ఓ’ సాధారణముగా ఒక చిన్న వచన ఫైలు మాత్రమే. దానిని తెరువబోయిన దోషము వచ్చును.

ఇక వెదకు విధము. లినక్సులో పేరునందు ఏటవాలు గీత ఉన్నచో దానిని దారిగా గ్రహించి అచటనే చూచును. లేనిచో ‘ఎల్‌డి_లైబ్రరీ_పాత్’ చూపిన డైరెక్టరీలను, సిద్ధముగా ఉన్న పట్టికను, ప్రామాణిక డైరెక్టరీలను వెదకును. మన ప్రోగ్రామున్న డైరెక్టరీని తనంతట వెదకదు. పలువురు పొరపడునది ఇచటనే.

‘ఫైండ్_లైబ్రరీ’కి ప్రాతిపదిక ‘ఎం’ ఇచ్చిన లినక్సులో పూర్తి పేరు తెలుపును. దొరకనిచో ‘నన్’ అనును. ఆ ‘నన్’నే లైబ్రరీ తెరచు ‘సిడిఎల్ఎల్’కు అందించిన లినక్సులో దోషము రాదు, నడచుచున్న ప్రోగ్రామే తెరచుకొనును! కావున ఫలితమును ముందు పరీక్షింపవలెను.

లైబ్రరీ దొరికినంత మాత్రమున పని ముగియదు. వర్గమూలమునిచ్చు ‘ఎస్‌క్యుఆర్‌టి’ దశాంశ సంఖ్యను గైకొని దశాంశ సంఖ్యనే ఇచ్చును. ‘ఆర్గ్‌టైప్స్’, ‘రెస్‌టైప్’ అను రెంటను ‘సి_డబుల్’ అని ముందే తెలుపవలెను. రెండవది తెలుపనిచో దుబాసీ ఫలితమును పూర్ణసంఖ్యగా భావించి, నిశ్శబ్దముగా తప్పు జవాబు చెప్పును. ఆగిపోయిన ప్రోగ్రాముకన్న ఇది ప్రమాదకరము.

విద్యార్థులు ‘సిస్.ప్లాట్‌ఫామ్’ ద్వారా యంత్రము నెరిగి, దానికి తగిన పేరును ఎన్నుకొనవలెను. పరీక్షా యంత్రములు ఎట్టివో కళాశాల కమిటీవారు ముందుగా ప్రకటించినచో, చదివిన విద్యార్థి కేవలము ఒక పేరు మూలమున మార్కులు కోల్పోడు. ఇది మా విన్నపము.