దినమునకొక విటమిన్ మాత్ర: కొనే ముందు చీటీ చదువుదాము

పాఠ్యభాగము: యెషయా 55:2; 1 కొరింథీ 6:19, 20



ఆహారము కానిదానికి రూకలెందుకని యెషయా అడిగిన ప్రశ్న దేవుని కృపను గూర్చినదే. అయినా మందుల అంగడి ముందు నిలిచినప్పుడు కూడా అది మాకు జ్ఞాపకము వస్తుంది. గురుబరపల్లి, హోసూరు ప్రాంతపు మన సంఘాలలో కొందరు పెద్దలు ఖరీదైన విటమిన్ డబ్బాలు కొని, ఆ ఖర్చు పూడ్చుకోవడానికి పాలు, గుడ్లు తగ్గించుకుంటున్నారు. ఆరాధన ముగియగానే ఆవరణలోనే వాటిని అమ్మేవారూ ఉన్నారు. అది తగదని మా అభిప్రాయము.

విటమిన్లు శరీరానికి కావలసినది కొంచెమే, కాని ఆ కొంచెమూ కొరవడితే కీడే. ఈ విద్యలో మన తెలుగువారి పాలు ఉన్నది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించగా, 1945 ప్రాంతములో ఫోలిక్ ఆమ్లము ప్రయోగశాలలో తయారైనది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణీలకు ఉచితముగా ఇచ్చే ఇనుము మాత్రలో ఉండేది అదే.

మన రాగి ముద్ద తక్కువదేమీ కాదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. మునగాకు, మామిడిపండు ఎ విటమిన్‌కు ఆధారము. బి12 మాత్రము రాగిలోను ఆకులోను దొరకదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసములోనే ఉంటుంది. కాబట్టి ముద్దతోనే సరిపెట్టుకునే వృద్ధులు, చక్కెర వ్యాధికి ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు వైద్యుని అడిగి బి12 పరీక్ష చేయించుకోవాలి. అందరికీ మాత్ర అవసరము లేదు.

కొనవలసి వస్తే, బి-కాంప్లెక్స్ వేరు, మల్టీవిటమిన్ వేరు అని గుర్తుంచుకోండి. మొదటిదానిలో సాధారణముగా ఎ, డి ఉండవు. ఏ విటమిన్ ఎంత ఉన్నదో, గడువు ఎప్పటిదో చీటీ మీద చూడండి. ఆహార పూరకముగా అమ్మేదానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, మందుగా అమ్మేదానికి ఔషధ తయారీ లైసెన్సు సంఖ్య ఉండాలి. రోగాలన్నీ నయము చేస్తానని చెప్పే డబ్బాను అక్కడే వదిలిపెట్టండి. ధరను మాత్రలతో భాగించడము కూడా మరువకండి: రోజుకు రెండు వేసుకోవాలని సన్నని అక్షరాలలో ఉంటే, 60 మాత్రలు 30 రోజులకే చెల్లిపోతాయి! 2008లో ప్రారంభమైన జన్ ఔషధి అంగళ్లలో కూడా అడిగి చూడండి; అక్కడ బ్రాండు పేరు లేని మందులు తక్కువ ధరకు దొరుకుతాయి.

ఎ విటమిన్ మితిమీరితే కాలేయములో పేరుకుంటుంది. గర్భములోని శిశువుకూ హాని. అందుచేత గర్భిణీలు వైద్యుని అడగకుండా దేనినీ అదనముగా వేసుకోరాదు. ఇనుము ఉన్న మాత్రను టీ, కాఫీలతో మింగకండి. దానిని పసివారికి అందని చోట పెట్టండి. ఎక్కువ మింగితే వారి ప్రాణానికే ముప్పు.