చేపల తొట్టికి చవుకైన కొండరాతి తెర

ఇంటి వసారాలో గాజు తొట్టి పెట్టి రంగు చేపలను పెంచుకొనువారు ఇప్పుడు పల్లెలలో కూడ కలరు. చేపలు తెచ్చిన మొదటి వారము పిల్లలు తొట్టి వద్దనుండి కదలరు. పిమ్మట చూడగా చేపలు ఒక మూలకు చేరి, రంగు వెలవెలపోయి, మనిషి నీడ పడగానే బెదరుచుండును. మేత చాలలేదనియో, నీరు చెడినదనియో అనుకొందుము. అది కూడ కావచ్చును గాని, అనేక పర్యాయములు అసలు కారణము చాటు లేకపోవుట. వాగులోని చేపకు ఒక ప్రక్క గట్టో, రాతి నీడయో ఉండును. గాజు తొట్టిలో నాలుగు వైపులనుండి వెలుతురు సోకును. వెనుక ఒక చీకటి తెర ఏర్పరచినచో చేప భయము తగ్గును, దాని రంగు మనకు చక్కగ కనబడును, వెనుక కిటికీ వెలుతురువలన పట్టు పాచి కూడ తగ్గును.

దుకాణములలో ఇట్టి తెరలు దొరకును. వానికి వెల ఎక్కువ. ఇంటివద్ద చేసుకొనుట కష్టము కాదు. అయితే తొందరపడి చేసిన తెర చేపలను చంపును. కావున ఈ వ్యాసములో అలంకారముకంటె జాగ్రత్తలనే ఎక్కువ వ్రాయుచున్నాము.

మొదటిసారి చేయువారికి తొట్టి వెలుపల పెట్టు పొడి తెరయే మేలు. పండ్లు వచ్చిన పాత చెక్కపెట్టెను తొట్టి వెనుక భాగమునకు సరిపడునట్లు, ఐదారు అంగుళముల లోతున కోసి, లోపల నల్లరంగు పూసి, మీ చేని గట్టుమీది రాళ్లు, ఎండు వేళ్లు, ఎండుగడ్డి అందులో అమర్చుడు. తెరచిన వైపును తొట్టి వెనుక గాజునకు ఆనించవలెను. నీటిగుండ నేరుగా చూచినప్పుడు 12 అంగుళముల వెడల్పుగల తొట్టి 9 అంగుళములే ఉన్నట్లు తోచును. వెనుక పెట్టెలోని రాళ్లు ఆ లోటును పూరించి, నీరు ఇంకను వెనుకకు పోయినట్లు భ్రమ కలిగించును. ఈ రాళ్లు నీటిని తాకవు గనుక వానివలన చేపకు ఎట్టి కీడు లేదు. మాకు అన్నిటికంటె నచ్చిన పద్ధతి ఇదియే.

తొట్టి లోపలనే రాతి గోడ కావలెనన్నచో థర్మోకోల్, సిమెంటులతో చేయవచ్చును. ఫ్రిజ్జు, టెలివిజన్ పెట్టెలలో వచ్చు థర్మోకోల్ దీనికి చాలును. నమూనాకై తిరుపతినుండి తిరుమలకు పోవు ఘాట్ రోడ్డు ప్రక్క కొండను ఒకమారు శ్రద్ధగా చూడుడు. అడుగున పొరలు లేని పాత గ్రానైట్ రాయి, దానిపైన ఇటుకలు పేర్చినట్లు పొరలు పొరలుగా క్వార్ట్జైట్ రాయి ఉండును. ఈ రెంటి కలయికను భూగర్భ శాస్త్రజ్ఞులు జాతీయ స్మారకముగా గుర్తించిరి. తిరుమలలోని శిలాతోరణము కూడ ఈ క్వార్ట్జైట్ రాయియే. మీ తెరలోకూడ అడుగున నున్నని గుండ్లు, పైన అడ్డపొరలు వచ్చునట్లు చేసినచో మన కొండ ముక్క ఇంటికి వచ్చినట్లుండును. పొరలన్నియు ఒకే వాలున ఉండవలెను. ఒకటి అడ్డముగ, ఒకటి నిలువుగ పెట్టినచో అది కొండ కాదు, చెత్తకుప్ప.

కొండను చూచి రావలెనే గాని అందలి రాయిని, మ్రానును తేరాదు. శేషాచల అడవులలో కొంత భాగము 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ వనముగను, ఆ కొండలు 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగను ప్రకటింపబడినవి. తొట్టిలో అందముగ ఉండునని ఎర్రచందనపు వేరుముక్కను తెచ్చినను నేరమే యగును.

2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తుగల తొట్టిని తీసుకొందము. ఇందులో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. వెనుక గాజుకంటె పావు అంగుళము తక్కువగ ఒక పలకను కోసి, దానిపై వేరు వేరు వెడల్పుల ముక్కలను వెదురు పుల్లలతో గ్రుచ్చి పొరలుగా పేర్చుడు. అంచులను కత్తితో కోయక చేతితో విరచినచో రాతి ముఖము సహజముగ వచ్చును. పెట్రోలు, థిన్నరు కలిసిన జిగురులు, రంగులు వాడరాదు. అవి థర్మోకోల్‌ను కరగించివేయును. తుక్కును పొయ్యిలో వేయకుడు, ఆ పొగ మంచిది కాదు.

సిమెంటును దోసెపిండివలె కలిపి కుంచెతో మొదటి పూత పూయుడు. వెనుక భాగమును, అనగా గాజునకు అంటుకొను వైపును, పూయక విడువవలెను. మరునాడు జల్లించి కడిగిన సన్న ఇసుకను సమముగా కలిపి రెండవ పూత, ఆ మరునాడు మూడవ పూత వేయుడు. చివరి పూతలో గచ్చులకు వాడు ఎర్ర, పసుపు ఆక్సైడు పొడులను కొంచెము కలిపినచో కొండరాతి చాయ వచ్చును. ఎండలో పెట్టరాదు. నీడలో తడిగోనె కప్పి వారము దినములు ఉంచిననే సిమెంటు గట్టిపడును.

ఇక ముఖ్యమైన మాట. క్రొత్త సిమెంటునుండి సున్నము నీటిలోనికి దిగుచుండును. ఆ నీటిలో చేప మొప్పలు కాలిపోవును. కావున తెరను వేరొక తొట్టిలో బరువు పెట్టి ముంచి, ప్రతిదినము నీరు మార్చుచు రెండు మూడు వారములు నానబెట్టవలెను. పశువులు త్రాగు తొట్టిలో నానబెట్టరాదు. సున్నము పోయినది లేనిది తెలిసికొనుటకు మన ఇండ్లలోనే పరీక్ష కలదు. పసుపు, సున్నము కలిసిన ఎర్రబడునని మీరెరుగుదురు గదా! తెల్ల కాగితమునకు పసుపునీరు పూసి ఆరనిచ్చి, ఒక దినమంతయు తెర నానిన నీటిని దానిపై ఒక చుక్క వేయుడు. ప్రక్కనే మీరు వాడు మామూలు నీటి చుక్క వేయుడు. మొదటిది ఎర్రబారినచో ఇంకను నానవలెను. ఇది మోటు పరీక్షయే. చివరకు పి.హెచ్. కాగితముతో చూచి, రెండు నీళ్లు ఒకే రంగు చూపిన పిమ్మటనే తెరను వాడవలెను.

రాళ్లు వేయదలచినను నిమ్మరసము పిండి చూడుడు. నురుగు వచ్చినచో అది సున్నపురాయి. మన ఇండ్లలో పరచు కడపరాయి అట్టిదే. అది నీటిని మరింత కఠినము చేయును. బోరునీరు ముందే కఠినముగనున్న ఊళ్లలో దానిని వేయకుండుట మంచిది. గ్రానైట్ ముక్కలకు ఈ దోషము లేదు.

మందులు కలిపిన బకెట్టుగాని, కుంచెగాని, డ్రమ్ముగాని ఈ పనికి ముట్టరాదు. ఎన్నిమార్లు కడిగినను నమ్మకుడు. పైరిత్రాయిడ్ జాతి పురుగుమందులు అత్యల్పముగ నున్నను చేపలను చంపును. బోర్డో మిశ్రమమునకు వాడు మైలుతుత్తము కూడ అట్టిదే.

నానిన తెరను బాగుగా ఆరబెట్టి, ఖాళీ తొట్టిలో సిలికోన్ జిగురుతో అంటించవలెను. గాజునకు వాడు సాదా రకమునే అడిగి తెచ్చుకొనుడు. బూజు పట్టదని చెప్పి అమ్ము రకములలో విషము కలిసియుండును. జిగురును పొదుపు చేయరాదు. రెండు అంగుళముల దళసరిగల ఈ పలక నీటిలో సుమారు 9 కిలోల బలముతో పైకి తన్నును. ఒక్క రాత్రిలో ఊడివచ్చి తేలిన తెరలు అనేకము. అంచులన్నిట సందులేకుండ జిగురు నింపుడు. సందు మిగిలినచో చిన్న చేపలు అందులో దూరి, వెలికి రాలేక చచ్చి, నీటిని పాడుచేయును.

మూడు నాలుగు దినములు ఆరనిచ్చి, వెనిగారు వంటి వాసన పూర్తిగ పోయిన పిమ్మట నీరు నెమ్మదిగ నింపుడు. వారము దినములు చేపలు లేకుండనే ఉంచి, నీటిని మరల పరీక్షించి, ముందు రెండు మూడు గప్పీలను మాత్రమే విడువవలెను. అవి చురుకుగ తిరుగుచు మేత తినుచున్నచో, రెండు వారములు గడచిన పిమ్మట మిగిలిన చేపలను కొనుడు. ఒకటి రెండు నెలలకు సిమెంటుపై పచ్చని పాచి సన్నగా పట్టును. ముందు గాజును మాత్రము తుడుచుకొని, తెరమీది పాచిని అట్లే ఉండనిండు; రంగుపూతకంటె అదియే రాతికి నిజమైన చాయ నిచ్చును.