గద్దె ఎవరిది?

బేటా,

పీర్ సాబ్ కొడుకే మళ్లీ పీర్ ఎందుకవుతాడని అడిగినవు. దీనికి జవాబు కరీంనగర్‌కు పొరుగునే, కాజీపేట దర్గాలో దొరుకుతుంది.

అక్కడి సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (1795–1856) రిఫాయీ సూఫీ, వరంగల్‌కు ఖాజీ. నిఖా రాయించాలన్నా, తగవు తెగాలన్నా, మురీదు (శిష్యుడు) కావాలన్నా జనం ఒకే గడప తొక్కేవారు. ఆ ఇంటి పలుకుబడికి మూలం అదే. ఆయన తర్వాత గద్దె కొడుకు సర్వర్ బియాబానీకి వచ్చింది. ఇప్పటి సజ్జాదా నషీన్ (గద్దె వారసుడు) ఖుస్రో పాషా రాష్ట్ర హజ్ కమిటీ అధ్యక్షులూ అయ్యారు. సఫర్ నెల ఉర్సుకు మతం చూడకుండా జనం కదులుతారు.

అయితే సిల్సిలా వేరు, వంశం వేరు. సిల్సిలా గురువు నుంచి శిష్యుడికి నడుస్తుంది. తగినవాడనిపిస్తే బయటివాడికైనా ఖిలాఫత్ (గురువు తరఫున నడిపే అధికారం) ఇస్తారు. వంశం తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. దర్గాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. కలిసినచోటే చిక్కులు.

ఆ చిక్కుల్లో పెద్దది భూమి. వక్ఫ్ ఆస్తి ముతవల్లీ సొంతం కాదు, అతను నిర్వాహకుడేనని 1921లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చింది. 1995 వక్ఫ్ చట్టం కింద అతను బోర్డుకు లెక్కలు చూపాలి, తప్పు చేస్తే తొలగించవచ్చు. తాత సమాధి చూపించి ఇనాం భూమి అమ్ముకునే హక్కు ఏ మనవడికీ లేదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

వంశం ఉన్నా పనితోనే పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. ఆదిలాబాద్ దాటితే నాందేడ్ వైపు కంధార్ ఉంది, పాత నిజాం రాజ్యమే. అక్కడ పుట్టిన అన్వారుల్లా ఫారూఖీదీ పేరున్న వంశమే. కానీ ఆయన్ను లోకం గుర్తుపెట్టుకున్నది హైదరాబాద్‌లో స్థాపించిన జామియా నిజామియా మదర్సాతో. చివరి ఇద్దరు నిజాములకూ ఆయన చదువు చెప్పారు.

పుట్టుక ఇచ్చే గౌరవాన్ని ప్రభుత్వమూ లెక్కలోకి తీసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 చట్టం వెనకబడిన ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఫకీర్ల వంటివారిని చేర్చి, సయ్యద్‌లను, ముషాయిక్‌లను (పీర్ల వంశీకులను) పక్కన పెట్టింది. ఉర్సులో దఫ్ వాయించే ఫకీరుకు అవసరమైన ఆసరా గద్దె మీది కుటుంబానికి అక్కర్లేదన్నమాట.

ఇక మన పల్లెల్లో మొహర్రం పీర్లను (ఆలములను) ఎత్తేవారిని చూడు. చాలాచోట్ల వాళ్లు ముస్లింలే కారు, ఏ షజరా (వంశవృక్ష) పత్రమూ వాళ్ల దగ్గర ఉండదు. అయినా మొహర్రం పది రోజులూ ఊరు వాళ్ల మాట వింటుంది. వచ్చే మొహర్రానికి పీర్ల చావడి చూసుకునే ముజావర్లతో, ఆ పీర్లనెత్తేవారితో కూర్చొని, ఆ బాధ్యత ఎవరి నుంచి ఎవరికి ఎట్లా వచ్చిందో రాసుకో.