ఎముక అతికింది, నొప్పి పోలేదు

రెండేళ్ల కిందట మా వీధిలో కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుకొనే ఒక తల్లి వాకిట్లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. మనవాళ్లం తలా కొంత వేసి ఆసుపత్రి ఖర్చు కట్టాం. ఆరు వారాలకు కట్టు విప్పారు, ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికింది. మేము లెక్క మూసేశాం.

రెండు నెలల తరువాత చూస్తే చేయి వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. "దుపట్టా అంచు తగిలినా నిప్పు పెట్టినట్టుంది సార్" అంది. పని తప్పించుకోవడానికి నాటకమని ఇంట్లోవాళ్లు అన్నారు. మేము పైకి అనలేదు గాని లోపల అనుమానించాం. అది మా తప్పు.

ఈ బాధను వైద్యులు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. ఈ పేరు 1994లో పెట్టారు గాని జబ్బు పాతదే. అమెరికా అంతర్యుద్ధంలో గాయం మానినా మంట ఆరని సైనికుల గురించి వైద్యుడు వెయిర్ మిచెల్ తన సహచరులతో కలిసి 1864లోనే రాశారు.

పిల్లలకైతే మేము బడి గంటతో చెబుతాం. కొట్టేవాడు వెళ్లిపోయినా గంట మోగుతూనే ఉంటే ఎలా ఉంటుందో అలాంటిది. గాయం కబురు మోసే నరాలు, దాన్ని అందుకునే వెన్నుపాము, మెదడు అతిగా స్పందించడం మానవు. చేయో కాలో ఒకసారి వేడెక్కుతుంది, ఒకసారి చల్లబడుతుంది. రంగు మారుతుంది, చెమట పడుతుంది, కీళ్లు బిగుస్తాయి. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. వైద్యుడు రెండు చేతులూ పోల్చి చూసి, చీము, రక్తం గడ్డకట్టడం వంటివి కావని నిర్ధారించుకుని చెప్పాలి. మణికట్టు విరిగినవారిలో, అందులోనూ స్త్రీలలో, ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, నొప్పి భయంతో చేయి కదపకపోతే అది మరింత బిగుసుకుపోతుంది. మందులున్నాయి, కొందరికి నరాల దగ్గర ఇంజెక్షన్లూ ఇస్తారు. కానీ వైద్యానికి ఆధారం ఫిజియోథెరపీయే. మెత్తటి దూదితో మొదలుపెట్టి గరుకు తువ్వాలు దాకా తాకించి అలవాటు చేస్తారు. అద్దం ముందు మంచి చేయి కదిలిస్తూ, కదిలేది నొప్పి చేయేనని మెదడును నమ్మిస్తారు. మొదట మాకు ఇది పిల్లల ఆటలా తోచింది! త్వరగా మొదలుపెడితే చాలామందికి తగ్గుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది.

దాతలను మేము అడిగేది ఇదే. ఆపరేషన్ బిల్లు చూపిస్తే మనం వెంటనే ఇస్తాం. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లే ఆటో ఛార్జీకి బిల్లు ఉండదు, ఆ రోజు పోయిన కూలికీ ఉండదు. ఆమె మధ్యలో మానేసింది అందుకే. కట్టు విప్పిన తరువాతి మూడు నెలలను కూడా వైద్యసహాయంలో లెక్కించండి. కట్టు విప్పిన నెలకు ఒకరు ఇంటికి వెళ్లి ఆ చేయి చూసి రండి.

ఆమె మళ్లీ వెళ్లడం మొదలుపెట్టి ఏడాదైంది. చీరలకు ఫాల్స్ కుడుతోంది. జాకెట్లు కత్తిరించడానికి కత్తెర మాత్రం ఇంకా బిగించి పట్టుకోలేకపోతోంది.