పసుపు మాత్రలో ఏముంది?

మొన్న రాత్రి బడికి ఒక అక్క డబ్బా పట్టుకొచ్చింది.

"టీచరమ్మా, ఇవి పసుపు మాత్రలంట. మోకాళ్ళ నొప్పులకు మంచివని అమ్మాడు. షుగరు మాత్రలు మానేసి ఇవే వేసుకోమన్నాడు. ఇందులో ఏముంది?" అంది.

డబ్బా మీద అంతా ఇంగ్లీషే. అంకెలు మాత్రం అక్కే చదివింది. 500, 95.

500 అంటే మాత్రలో 500 మిల్లీగ్రాముల పసుపు సారం ఉందని. 95 అంటే ఆ సారంలో నూటికి 95 పాళ్ళు కుర్కుమిన్ అని. పసుపుకు రంగునిచ్చేది కుర్కుమినే. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తాం కదా! అప్పుడు ఎర్రబడేది కూడా ఇదే. 1815లో యూరప్ శాస్త్రజ్ఞులు దీన్ని పసుపు నుంచి మొదటిసారి వేరుచేశారు.

డబ్బా మీద రాసింది నిజమేనా? ప్రయోగశాలలో ఇలా తేలుస్తారు.

1. మాత్ర విప్పి పొడిని తూస్తారు.

2. కుర్కుమిన్ నీళ్ళలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకని పొడిని స్పిరిట్‌లో కలిపి వడపోస్తారు. కరగని పిండి, పిప్పి పైన మిగిలిపోతాయి.

3. తెల్లటి పూత పూసిన గాజుపలక మీద ఆ రసం చుక్క పెడతారు. పలక అంచును మరో ద్రవంలో నిలబెడతారు. ఒత్తి నూనె పీల్చినట్టు పూత ద్రవాన్ని పైకి పీలుస్తుంది. ఒక్క చుక్క మూడు పసుపు చుక్కలుగా విడిపోతుంది. అన్నిటికంటే పైది కుర్కుమిన్. కింది రెండూ దాని తోబుట్టువులు. వేరే చుక్క కనిపిస్తే ఇంకేదో కలిసిందని అనుమానం.

4. వేడి స్పిరిట్‌లో కరిగించి మెల్లగా చల్లారుస్తారు. కలకండలాగా పలుకులు కడుతుంది. అలా శుద్ధి అవుతుంది.

5. కుర్కుమిన్ నీలం వెలుగును పీల్చుకుంటుంది. ఎంత పీల్చిందో యంత్రంతో చూసి, మాత్రలో ఎంత ఉందో లెక్క కడతారు.

ఇప్పుడు మనం కూడా ఒక లెక్క చేద్దాం.

500లో నూటికి 95 చొప్పున 475 మిల్లీగ్రాములు. వంట పసుపు ఒక గ్రాములో కుర్కుమిన్ సుమారు 30 మిల్లీగ్రాములు. 475ను 30తో భాగిస్తే దాదాపు 16. అంటే ఒక్క మాత్ర 16 గ్రాముల పసుపుతో సమానం. చిన్న చెంచాతో అయిదు చెంచాల పైమాటే! కూరలో అంత వేస్తామా?

కొన్ని మాత్రల్లో మిరియాల సారం కూడా కలుపుతారు. దానివల్ల కుర్కుమిన్ ఒంట్లోకి ఇంకా ఎక్కువగా చేరుతుంది. 2019లో ఇటలీలో పసుపు మాత్రలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతింది. డబ్బాల మీద హెచ్చరిక వేయాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

కూరలో వేసే పసుపుకు భయపడక్కర్లేదు. మాత్ర సంగతి వేరు. కాలేయ జబ్బు, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. కళ్ళు పచ్చబడితే వెంటనే మాత్రలు ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరు రాసిన మందులు అమ్మేవాడి మాట విని మానకూడదు.

తెల్లారి అక్క ఆ డబ్బా, తన మందుల చీటీ రెండూ పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది.

చేసి చూడండి: గాజు గ్లాసు నీళ్ళలో చెంచా పసుపు వేయండి. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీళ్ళకు లేత పసుపు రంగునిస్తుంది. నీళ్ళు చిక్కటి పసుపు రంగుకు మారితే కల్తీ ఉందని అనుమానించాలి.

చెప్పండి:
1. కుర్కుమిన్‌ను స్పిరిట్‌లో ఎందుకు కలుపుతారు?
2. రోజుకు రెండు మాత్రలు వేసుకుంటే ఎన్ని గ్రాముల పసుపుతో సమానం?
3. మీ ఇంట్లో ఉన్న మందు డబ్బా మీది అంకెలు చదివి పలక మీద రాయండి.